రెండు సెకన్లు వెలిగి నల్లబడే మానిటర్: ప్యానెల్ పోయిందని నమ్మేముందు

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. షాపులో సీసీ కెమెరాల కోసం పెట్టిన 22 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్, 2010లో కొన్నది, రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంటుంది. కొన్నాళ్లుగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక పట్టాన ఆన్ కాక, పవర్ లైటు మిణుకుమిణుకుమంటూ సతాయించేది. తర్వాత ఆన్ అయినా రెండు సెకన్లు బొమ్మ కనిపించి తెర నల్లబడటం మొదలైంది. మెకానిక్ చూసి ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు. మీరు వీడియోలు చూసి విప్పి, ఉబ్బిన కెపాసిటర్లు (కరెంటుని నిలవ ఉంచే చిన్న డబ్బీల్లాంటి భాగాలు) రెండు మార్చారు. సతాయించడం తగ్గింది గానీ రెండు సెకన్ల జబ్బు అలాగే ఉంది. ఇంకా కెపాసిటర్లు మార్చాలా, పారేయాలా అని అడిగారు.

పారేయకండి. ప్యానెల్ పోలేదు. రెండు సెకన్లయినా బొమ్మ శుభ్రంగా, రంగులతో సహా కనిపిస్తోందంటే ప్యానెల్, దానికి బొమ్మ పంపే మెయిన్ బోర్డు రెండూ పనిచేస్తున్నట్టే లెక్క. ఆరిపోతున్నది బొమ్మ కాదు, దాని వెనకున్న వెలుతురు. మీ మానిటర్‌కి రెండు జబ్బులున్నాయి. ఒకటి పవర్ సప్లైది, దాన్ని మీరు సగం బాగుచేశారు (ఎందుకు సగమో కింద చెబుతాను). రెండోది బ్యాక్‌లైట్‌ది. ఏ భాగంలో జబ్బుందో తేల్చకుండా చేతికి దొరికిన కెపాసిటరల్లా పీకి కొత్తది వేస్తే ఒక్కోసారి అదృష్టం బాగుండి మానిటర్ లేస్తుంది. లేవనప్పుడు మాత్రం జబ్బు ముందునుంచీ ఉన్నదో, మన సోల్డరింగ్ వల్ల వచ్చిందో కూడా తెలియకుండా పోతుంది.

కాబట్టి ఇక నుంచి గుడ్డిగా ఏదీ మార్చకండి (మీరు వేసిన రెండు కెపాసిటర్లు, ఇంకో చిన్నది మాత్రం మార్చాలి, ఎందుకో కింద చెబుతాను). ముందు కొలుద్దాం.

విప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది, ఐదు నిమిషాల పని. తెర నల్లబడ్డాక గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకోండి. కెమెరా బొమ్మలోని గోడలు గానీ, మెనూ అక్షరాలు గానీ లీలగా కనిపిస్తే బొమ్మ ఉంది, వెలుతురు లేదు. ఏ కోణంలో పట్టినా ఏమీ కనిపించకపోతే అప్పుడు మెయిన్ బోర్డుని అనుమానించాలి. కదిలే బొమ్మను ఇలా చూడటం కష్టం. అందుకే సిగ్నల్ కేబుల్ పీకేసి, "నో సిగ్నల్" డబ్బా తెర మీద తిరుగుతోందేమో చూడండి. నల్లటి తెర మీద తెల్లటి డబ్బా కాబట్టి టార్చి వెలుగులో సులువుగా దొరుకుతుంది. మీ కేసులో ఇది కనిపిస్తుందనే నా అంచనా.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాది తేలిక. 230 వోల్టుల ఏసీ బోర్డులోకి రాగానే బ్రిడ్జి డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. పెద్ద కెపాసిటర్ మీద అది సుమారు 325 వోల్టులై కూర్చుంటుంది. అక్కడి నుంచి స్విచింగ్ ఐసీ, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి రెండు చిన్న వోల్టేజీలు తయారుచేస్తాయి. మెయిన్ బోర్డుకి 5 వోల్టులు, బ్యాక్‌లైట్‌కి 12 నుంచి 18 మధ్య ఏదో ఒకటి. మీ మానిటర్ వయసుని బట్టి అందులో ఉన్నవి బహుశా ఎల్ఈడీలు కాదు, సీసీఎఫ్ఎల్ ట్యూబులు. తెర పైఅంచునా కిందిఅంచునా పడుకోబెట్టిన అగ్గిపుల్ల లావు గాజు గొట్టాలవి. అవి వెలగాలంటే మొదట వెయ్యి వోల్టుల పైన, వెలిగాక కూడా కొన్ని వందల వోల్టులు కావాలి. ఆ పని చేసే భాగాన్ని ఇన్వర్టర్ అంటారు. కరెంటు పోతే ఫ్యాన్ తిప్పే ఇన్వర్టర్ కాదు, అదే పవర్ బోర్డులో ఒక మూల ఉండే చిన్న సర్క్యూట్.

ఇన్వర్టర్‌లో ఒక కాపలా ఏర్పాటు ఉంటుంది. ప్రతి ట్యూబులోంచి కరెంటు సరిగ్గా పోతోందా లేదా అని చూస్తూ ఉంటుంది. స్విచ్ వేసిన మొదటి సెకను, రెండు సెకన్లు మాత్రం ట్యూబులు అంటుకోవడానికి గడువిచ్చి ఊరుకుంటుంది. గడువు దాటాక ఒక్క ట్యూబు లెక్క తప్పినా మొత్తం ఆపేస్తుంది. రెండు సెకన్లు వెలిగి నల్లబడటమంటే ఇదే. అంటే ఇన్వర్టర్ చచ్చిపోలేదు. ఏదో తేడా ఉందని గుర్తించి తనే ఆపుకుంటోంది. ఆ తేడా నాలుగింటిలో ఒకటి కావచ్చు: ముసలిదైపోయిన ట్యూబు, ట్యూబు చివర వదులైన వైరు, ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్, లేదా ఇన్వర్టర్‌కి వచ్చే సప్లై తగ్గిపోవడం. కెపాసిటర్లు చివరి దానికి మాత్రమే మందు.

మళ్లీ విప్పేముందు ఒక మాట. ప్లగ్గు పీకాక కూడా పవర్ బోర్డు మీద ప్రాణం తీసేది ఆ పెద్ద కెపాసిటరే. పనిచేస్తున్న సప్లైలో ప్లగ్గు పీకాక అది త్వరగానే ఖాళీ అవుతుంది. అసలు ఆన్ కాని సప్లైలో దాన్ని వాడుకునేవాళ్లు ఉండరు కాబట్టి చాలాసేపు నిండుగానే ఉండొచ్చు. చచ్చిన మానిటర్ కదా అని చెయ్యి పెడితే కొట్టేది అందుకే. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించడం చాలాచోట్ల చూస్తాం, దయచేసి అలా చేయొద్దు. బోర్డు ట్రాక్ లేచిపోతుంది, నిప్పురవ్వ కళ్లలో పడుతుంది. రెండు వైర్లు కట్టిన పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు (ఎల్ఈడీ బల్బు పనికిరాదు), లేదా 2.2 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ కాళ్లను కెపాసిటర్ రెండు కాళ్లకు కాసేపు ఆనించి, తర్వాత మీటర్‌తో డీసీ 1000 రేంజిలో చూసి, పది వోల్టుల లోపు ఉంటేనే ముట్టుకోండి. ఇక ట్యూబులకి వెళ్లే వైర్లలో ఉండేది హై ఫ్రీక్వెన్సీ, హై వోల్టేజ్. దాన్ని మామూలు మల్టీమీటర్‌తో కొలవడానికి ప్రయత్నించకండి. మీటర్ పోతుంది. బోర్డు ఆన్‌లో ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకునే అలవాటు చేసుకోండి. పక్కన పిల్లలు తిరుగుతుంటే పని వాయిదా వేసుకోండి.

ఇప్పుడు మీరు మార్చిన కెపాసిటర్ల సంగతి. మీరు పంపిన ఫొటోలో కొత్తవాటి మీద 85 డిగ్రీలు అని స్పష్టంగా కనిపిస్తోంది. పాతవి 105 డిగ్రీలవి. దుకాణంలో "అదే విలువ సార్, ఏం తేడా లేదు" అని ఇచ్చుంటారు. తేడా ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షుకి ఒక మోటు లెక్క ఉంది: రాసిన ఉష్ణోగ్రత కంటే ప్రతి పది డిగ్రీలు తక్కువలో నడిచినకొద్దీ ఆయుష్షు రెట్టింపు అవుతుంది. రెండూ 2000 గంటల రకమే అనుకుందాం, మానిటర్ లోపల వేడి 65 డిగ్రీలు అనుకుందాం. 85 డిగ్రీలది 20 డిగ్రీల తగ్గింపుతో నాలుగు రెట్లు, అంటే 8000 గంటలు వస్తుంది. 105 డిగ్రీలది 40 డిగ్రీల తగ్గింపుతో పదహారు రెట్లు, 32000 గంటలు. మీ షాపు మానిటర్ ఏడాదికి 8760 గంటలు నడుస్తుంది. అంటే మీరు వేసినవి ఏడాది కూడా రావు, సరైనవి వేస్తే మూడున్నరేళ్ల పైన వస్తాయి. సగం బాగుచేశారన్నది ఇందుకే.

డిగ్రీలు ఒక్కటే చాలదు. స్విచింగ్ సప్లైలో ఆ కెపాసిటర్లు సెకనుకి వేల సార్లు నిండి ఖాళీ అవుతుంటాయి. లోపలి నిరోధం తక్కువుండే రకం, అంటే "లో ఈఎస్ఆర్" రకం కావాలి. మామూలు రకం వేస్తే మొదటి రోజు బాగానే ఉంటుంది, లోపల వేడెక్కి కొద్ది నెలల్లో మళ్లీ ఉబ్బుతుంది. ప్యానాసోనిక్ ఎఫ్‌ఆర్, ఎఫ్‌ఎమ్ సిరీస్‌లు ఈ పనికి బాగుంటాయి. రూబికాన్, నిచికాన్‌లలో కూడా ఇలాంటి సిరీస్‌లున్నాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి, కానీ పేరు చూసి మురిసిపోకండి. నకిలీలు దండిగా ఉన్నాయి, అనుమానంగా అనిపించేంత చవగ్గా ఇస్తే అనుమానించాల్సిందే. మైక్రోఫారడ్లు పాతదానికి సమానం లేదా కొద్దిగా ఎక్కువ, వోల్టులు సమానం లేదా ఎక్కువ, లావూ ఎత్తూ ఆ చోటులో పట్టేట్టు ఉండాలి. ఎత్తు ఎందుకంటే, 16 వోల్టుల చోట 50 వోల్టులది వేస్తే మంచిదే కదా అనుకుని తెస్తారు, తీరా వెనక రేకు మూత పడదు. వేసేటప్పుడు ఒంటి మీద గీత ఉన్న వైపు నెగటివ్ అని మరిచిపోవద్దు. బోర్డు మీద సాధారణంగా తెల్లగా నింపిన సగం నెగటివ్‌ది, కానీ అన్ని కంపెనీలూ ఒకేలా ముద్రించవు. అందుకే పాతది తీసేముందు ఫొటో తీసుకోవడం అన్నిటికంటే నమ్మకం.

ఇంకో సంగతి. ఉబ్బినవే పాడైనవి అనుకోకండి. ఉబ్బకుండా లోపల ఎండిపోయినవి కూడా ఉంటాయి. ముఖ్యంగా స్విచింగ్ ఐసీ పక్కన ఉండే చిన్నది, 22 లేదా 47 మైక్రోఫారడ్లు 50 వోల్టులది, చూడటానికి కొత్తదానిలా ఉండి మానిటర్‌ని స్టార్ట్ కానివ్వదు. కరెంటు పోయి వచ్చాక మొరాయించే సప్లైల్లో నేను ఉబ్బినవాటితో పాటు దీన్నీ మార్చేస్తాను. కొలవడానికి ఈఎస్ఆర్ మీటర్ లేకపోతే హెయిర్ డ్రయర్‌తో ఒక ఉపాయం: చల్లగా ఉండి స్టార్ట్ కాని బోర్డుని, ప్లగ్గు పీకి, ఆ కెపాసిటర్ల మీద ఒకటి రెండు నిమిషాలు వేడి గాలి కొట్టి మళ్లీ ఆన్ చేయండి. ఈసారి చక్కగా లేచిందంటే ఎండిపోయిన కెపాసిటర్ ఉన్నట్టే.

సరే, అసలు కొలత. బోర్డుకి రెండు ప్రపంచాలుంటాయి: 325 వోల్టులుండే కరెంటు వైపు, 5 వోల్టులుండే వైపు (ట్యూబులకి వెళ్లే హై వోల్టేజ్ భాగం తప్ప మిగతాది సురక్షితం). రెంటి మధ్య ఒక గీతో, బోర్డులో కోసిన సందో కనిపిస్తుంది. ఆ సందు మీదుగా దాటేవి ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ లాంటి ఒకటి రెండు భాగాలే. మీకు కావలసిన కొలతలన్నీ రెండో వైపే. మీటర్ నల్ల ప్రోబుని మానిటర్ లోహపు ఫ్రేముకి క్లిప్పుతో తగిలించేయండి, ఇక చేతిలో ఎర్రది ఒక్కటే మిగులుతుంది. మెయిన్ బోర్డుకి వెళ్లే కనెక్టర్ పక్కన బోర్డు మీదే పేర్లు ముద్రించి ఉంటాయి: 5వీ, 14వీ లేదా 16వీ, గ్రౌండ్, ఇంకా బీఎల్-ఆన్ లేదా ఎనేబుల్, డిమ్ లేదా బ్రైట్ (వెలుగు పెంచే, తగ్గించే వైరు).

మొదట 5 వోల్టుల లైను. 4.9 నుంచి 5.2 మధ్య నిలకడగా ఉండాలి. 4.5కి పడిపోతూ లేస్తూ ఉంటే పవర్ సప్లై పని ఇంకా మిగిలే ఉంది. తర్వాత బీఎల్-ఆన్. మెయిన్ బోర్డు "లైట్లు వెయ్యి" అని చెప్పే వైరు ఇది. స్టాండ్‌బైలో సున్నా, ఆన్ చేయగానే 3 నుంచి 5 వోల్టులు. తెర నల్లబడ్డాక కూడా ఇది పైనే ఉంటే, మెయిన్ బోర్డు వెయ్యమంటోంది, ఇన్వర్టరే ఆపుకుంది. తెరతో పాటు ఇదీ పడిపోతే మాత్రం కథ వేరు, ఇన్వర్టర్‌ని వదిలేసి మెయిన్ బోర్డు వైపు చూడాలి.

మూడోది ముఖ్యమైనది. ఎర్ర ప్రోబుని ఇన్వర్టర్ సప్లై (ఆ 14వీ లేదా 16వీ లైను) మీద పెట్టి, తెర వెలిగే ఆ రెండు సెకన్లలో అంకె ఎటు కదులుతుందో చూడండి. 16 ఉన్నది 15.5కి వచ్చి నిలబడితే సప్లై గట్టిగా ఉంది, జబ్బు ట్యూబుల్లోనో ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉంది. 16 నుంచి 11కో 10కో జారి, తెర నల్లబడగానే మళ్లీ 16కి ఎక్కితే బరువు మోయలేని సప్లైది తప్పు. అప్పుడు మిగతా కెపాసిటర్లు, ఆ లైనులో హీట్‌సింక్‌కి బిగించిన మూడు కాళ్ల డయోడ్ చూడాలి. మామూలు మీటర్ అంత వేగంగా చూపించదు కదా అంటారేమో. ఇంత పెద్ద జారుడు కనిపిస్తుంది, చాలు. మీటర్‌ని ఫోన్‌తో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

ఫోన్ వీడియో అంటే గుర్తొచ్చింది, తెరని కూడా అలాగే తీయండి. ఖాళీ తెల్లటి పేజీ ఏదైనా పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, స్లో మోషన్‌లో ఆ రెండు సెకన్లు రికార్డు చేసి నిదానంగా చూడండి. నాలుగు ట్యూబులున్న మానిటర్‌లో ఒకటి వెలగకపోతే పైఅంచో కిందిఅంచో మసగ్గా ఉంటుంది. చావు దగ్గరపడ్డ ట్యూబు తెల్లగా కాకుండా గులాబీ, ఎరుపు ఛాయలో మొదలవుతుంది. కంటికి ఆనని తేడా వీడియోలో ఇట్టే దొరుకుతుంది.

అంచు తెలిశాక తప్పు ట్యూబుదా ఇన్వర్టర్‌దా అని తేల్చడానికి ఖర్చు లేని దారి ఉంది. ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్ ఖాళీ చేసి, పై ట్యూబుల కనెక్టర్లను కింది ట్యూబుల చోట, కిందివాటిని పైవాటి చోట పెట్టండి (వైర్లు అందితేనే, లాగి తెంపకండి). మళ్లీ వీడియో. మసక పైఅంచులోనే ఉండిపోతే పై ట్యూబుదే తప్పు. కిందికి దిగితే ఆ అవుట్‌పుట్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ది. ట్రాన్స్‌ఫార్మర్ అనుమానం వస్తే, కనెక్టర్లన్నీ తీసేసి, పవర్ లేకుండా, హై వోల్టేజ్ వైపు చుట్ట ఓమ్‌లలో కొలవండి. ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, సాధారణంగా వందల ఓమ్‌లలో ఉంటుంది. మనకి కావలసింది పక్కదానితో పోలిక. ఒకటి 900 చూపి రెండోది 600 చూపినా, అసలేమీ చూపకపోయినా అది పోయినట్టే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర సోల్డర్‌ని కూడా భూతద్దంతో చూడండి. కాలు చుట్టూ వెంట్రుక మందం గుండ్రటి పగులు కనిపిస్తే కొత్త సోల్డర్ వేసి కరిగించడంతోనే పని అయిపోయిన మానిటర్లు చాలా ఉన్నాయి.

నా అంచనా అడిగితే ట్యూబే. ఈ ట్యూబుల ఆయుష్షు సాధారణంగా 40 నుంచి 50 వేల గంటలని చెబుతారు, అదీ వెలుగు సగానికి పడిపోయే వరకు. రోజంతా నడిచే మానిటర్‌కి 50 వేల గంటలంటే ఆరేళ్లు కూడా కాదు. మీది 2010 నుంచి నడుస్తోంది. ఇన్నాళ్లు వచ్చినందుకు దాన్ని మెచ్చుకోవాలి.

ట్యూబు మార్చడం మెకానిక్‌లు ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. ప్యానెల్‌ని దుమ్ము పడకుండా విప్పాలి, పాత ట్యూబు పగలకుండా రేకు గాడిలోంచి జారనివ్వాలి, చివర్ల రబ్బరు తొడుగుల్లో సన్నటి వైరు సోల్డర్ చేయాలి. సగం పూట పనికి వాళ్లకి గిట్టే కూలి మనం ఇవ్వం. ప్యానెల్ పోయిందని ఒక్క ముక్కలో తేల్చడం వెనక ఇదీ ఉంటుంది. ఇంట్లో ఓపిక ఉన్నవాళ్లు చేసుకోగలిగిన పనే. పాత ట్యూబు పొడవు, లావు మిల్లీమీటర్లలో కొలిచి అదే కొలతది తెప్పించుకోవాలి. మారిస్తే ఆ జతలో రెండూ మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి ముసలిది ఉంటే కాపలా సర్క్యూట్‌కి మళ్లీ తేడా కనిపిస్తుంది. ట్యూబులో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, కాసేపాగి తడి కాగితంతో తుడిచి కవర్లో కట్టేయండి, చీపురుతో ఊడ్చొద్దు.

మీ అవసరానికి మాత్రం ట్యూబు కంటే ఎల్ఈడీ కిట్ నయం. ట్యూబుల చోట పెట్టుకునే సన్నటి ఎల్ఈడీ పట్టీలు రెండు, ఒక చిన్న డ్రైవర్ బోర్డు కలిపి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పట్టీని మూడేసి ఎల్ఈడీల దగ్గర ఉండే గుర్తుల మీదే కత్తిరించాలి. డ్రైవర్‌కి సప్లై, గ్రౌండ్, ఎనేబుల్, డిమ్ అని వైర్లుంటాయి. సప్లైని పాత ఇన్వర్టర్‌కి వచ్చే లైను నుంచి (కిట్ మీద రాసిన పరిమితిలో ఉందో లేదో చూసి), ఎనేబుల్‌ని బీఎల్-ఆన్ నుంచి, డిమ్‌ని డిమ్ నుంచి తీసుకోవాలి. పాత ఇన్వర్టర్‌కి సప్లై వెళ్లే దారి తెంపేయడం మరిచిపోవద్దు. కొందరు పని తొందరగా అవుతుందని ఎనేబుల్‌ని నేరుగా సప్లైకి కట్టేస్తారు, అప్పుడు మానిటర్ నిద్రపోయినా తెర వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. మెనూలో బ్రైట్‌నెస్ పెంచితే వెలుగు తగ్గడం కూడా కొన్ని కిట్లలో చూస్తాం, డిమ్ సిగ్నల్ తిరగబడి ఉండటం వల్ల. దానికి టెన్షన్ పడనక్కర్లేదు. రంగులు కొద్దిగా నీలం వైపు మొగ్గుతాయి. ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లకి ఇది పనికిరాదు, కెమెరాలు చూసుకోవడానికి దివ్యంగా సరిపోతుంది.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట. ఇన్వర్టర్ ఐసీ ఫలానా కాలు గ్రౌండ్ చేస్తే రెండు సెకన్ల సమస్య పోతుందని వీడియోలున్నాయి, మీరూ ఒకటి పంపారు. తెర వెలుగుతుంది, నిజమే. మీరు చేసింది కాపలావాడి నోరు కట్టేయడం. వెలగని ట్యూబు దగ్గర వెయ్యి వోల్టులు దారి వెతుక్కుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది, కనెక్టర్ దగ్గర రవ్వలు పుట్టి బోర్డు నల్లగా కాలుతుంది. ఎదురుగా కూర్చుని పరీక్ష కోసం ఒక నిమిషం చేస్తే అది వేరు. రాత్రి షట్టర్ దించి వెళ్లిపోయే షాపులో ఆన్‌లో ఉండే మానిటర్‌కి ఈ పని చేయకూడదు.

మీ ప్రశ్న కింద మరికొందరు తమ మానిటర్ల గురించి అడిగారు కాబట్టి వాళ్లకీ నాలుగు ముక్కలు.

కొత్త మానిటర్లలో బయట అడాప్టర్ ఉంటుంది. పవర్ లైటు మిణుకుమంటే మానిటర్ విప్పకముందు అడాప్టర్‌నే చూడండి. ఊరికే మీటర్ పెడితే సరైన వోల్టేజే చూపిస్తుంది, బరువు పడగానే కూలిపోతుంది. మానిటర్‌కి తగిలించి ఉండగానే కొలవాలి, లేదా అదే వోల్టేజీ ఉన్న ఇంకో అడాప్టర్‌తో చూడాలి. కొన్ని మానిటర్లకి 12, కొన్నిటికి 14, కొన్నిటికి 19 వోల్టులు కావాలి. పిన్ను పట్టింది కదా అని ల్యాప్‌టాప్ 19 వోల్టులది 14 వోల్టుల మానిటర్‌లో దోపితే ఇక నా సలహా అక్కర్లేదు. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు.

ఎల్ఈడీ మానిటర్‌లో తెర వెలిగి ఆరిపోతుంటే డ్రైవర్ అవుట్‌పుట్ కొలవండి. స్టాండ్‌బైలో అది దాదాపు సప్లై వోల్టేజీ అంతే చూపిస్తుంది. ఆన్ చేయగానే 30, 40, 50 అలా ఎగసి మళ్లీ కిందికి దిగిపోతే డ్రైవర్ బాగుంది, ఎల్ఈడీ పట్టీలో ఎక్కడో తెగింది. అసలు కదలకపోతే బీఎల్-ఆన్ రావడం లేదు, లేదా డ్రైవర్ పోయింది. తెగిన పట్టీని మామూలు మీటర్‌తో పట్టుకోలేం, వరుసగా ఉన్న అన్ని ఎల్ఈడీలని వెలిగించే శక్తి దానికి లేదు. టీవీ మెకానిక్‌ల దగ్గర బ్యాక్‌లైట్ టెస్టర్ ఉంటుంది, అడిగితే ఒక నిమిషంలో తేల్చేస్తారు. బ్రైట్‌నెస్ వందలో పెట్టి వాడేవాళ్లు అరవైకి తగ్గిస్తే ఈ గొడవ చాలాకాలం రాదు.

అసలు ప్రాణమే లేని మానిటర్, ఫ్యూజు పోయి ఉంటే: ఫ్యూజు గాజు లోపల నల్లగా మసిబారిందా, లేక తీగ ఊరికే తెగిందా చూడండి. మసిబారితే లోపల పెద్ద షార్ట్ ఉంది. కొత్త ఫ్యూజు వేసి స్విచ్ వేస్తే అదీ పోతుంది. ముందు బ్రిడ్జి డయోడ్లు, హీట్‌సింక్ మీది మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయ్యాయేమో బీప్ మోడ్‌లో చూసుకోవాలి. ఆ మాస్‌ఫెట్ పోతే దాని పక్కన ఒక ఓమ్ కంటే తక్కువ ఉండే రెసిస్టర్, ఒక్కోసారి స్విచింగ్ ఐసీ కూడా పోతాయి. అన్నీ మార్చాక మొదటిసారి పవర్ ఇచ్చేది సీరీస్ బోర్డు మీదే: 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని వరుసలో పెట్టి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే ధైర్యంగా ముందుకు వెళ్లండి. వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది, బల్బు మీ కొత్త మాస్‌ఫెట్‌ని కాపాడింది. వీధిలో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చిన సందర్భాల్లో పెద్ద కెపాసిటర్ కూడా పేలి ఉంటుంది, అలాంటి బోర్డు మీద టైము పెట్టడం కంటే అదే మోడల్ పాత బోర్డు వెతుక్కోవడం తెలివి.

మీ మానిటర్‌కి తిరిగొస్తే, ముందు ఆ 85 డిగ్రీల రెండింటినీ 105 డిగ్రీల లో ఈఎస్ఆర్ వాటితో మార్చండి, స్విచింగ్ ఐసీ పక్కనున్న చిన్నదాన్ని కూడా. తర్వాత మూడు అంకెలు నాకు రాయండి: 5 వోల్టుల లైను ఎంత చూపిస్తోంది, తెర నల్లబడ్డాక బీఎల్-ఆన్ ఎంత ఉంది, ఆ రెండు సెకన్లలో ఇన్వర్టర్ సప్లై ఎంత నుంచి ఎంతకి జారింది. స్లో మోషన్ వీడియో కూడా పెట్టండి. పవర్ బోర్డు రెండు వైపులా ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, పగటి వెలుగులో కాస్త పక్కనుంచి తీయండి, సోల్డర్ పగుళ్లు అలాగే కనిపిస్తాయి. అవి చూశాక ట్యూబా, కిట్టా, ట్రాన్స్‌ఫార్మరా చెబుతాను. అప్పటిదాకా కిట్ ఆర్డర్ పెట్టకండి.